చుక్క పెట్టడానికి చోటు లేని ఆటలు

బాన్సువాడ బస్టాండు వెనక సందులో ఇరవై ఏళ్లకు పైగా వీడియో గేములు అమ్మాను. ఇన్నేళ్లలో ఒక్క ఆటా ఆడింది లేదు. రెండుసార్లు ఆ రిమోటు చేతిలో పట్టుకున్నాను, రెండుసార్లూ నా కారు గోడకే గుద్దుకుంది. కాబట్టి ఆటల గురించి నన్నడగొద్దు. ధరల గురించి అడగండి. అదీ డిస్కుల ధరలైతే కళ్లు మూసుకుని చెబుతాను. డిజిటల్ ఆట ధర అడిగితే మాత్రం నాకిప్పటికీ తల తిరుగుతుంది.

ఇది రాయమన్నది శిరీష. పోయిన ఎండాకాలం నేను షాపు మూసేస్తే, ఆ గదిని ఆ పిల్ల కిరాయికి తీసుకుంది. గేమ్ కోడ్లు, రీచార్జీలు అమ్ముతుందట. "అక్కా, నీకు తెలిసిందంత రాసియ్యి, నాకు పనికొస్తది" అని నోటుబుక్కు కూడా తనే కొనిచ్చింది. సరేనని కూర్చున్నాను. తెలిసింది రాయడం రెండు రోజుల్లో అయిపోయింది. తెలియనిది మాత్రం ఎంత రాసినా తెగడం లేదు.

సగం వాపస్

షాపు పెట్టింది మా ఆయన. రెండేళ్లకే ఆయనకు విసుగొచ్చి వడ్ల కమీషన్‌లోకి పోయాడు. "నువ్వు కూసో, నాతోని గాదు" అన్నాడు. కూర్చున్నాను. మొదట్లో డిస్కు డబ్బా మీద బొమ్మ చూసి రేటు చెప్పేదాన్ని. తుపాకీ ఉంటే ఎక్కువ, కారు ఉంటే తక్కువ. నవ్వకండి, చాలాసార్లు అది సరిగ్గానే ఉండేది.

అసలు చిక్కు ఏమిటంటే కొత్త డిస్కు వేలల్లో ఉండేది. మన ఊళ్లో అంత పెట్టి ఎవరు కొంటారు? పక్క సందులో స్కూలు పుస్తకాల షాపాయన ప్రతి జూన్‌లో పాత పుస్తకాలు సగం ధరకు వెనక్కి తీసుకుని, మళ్లీ అమ్మేవాడు. అది చూసి నేనూ అదే పెట్టాను. పెయింటర్‌ను పిలిచి బోర్డు రాయించాను: "ఇక్కడ కొన్న ఏ ఆటైనా సగం ధరకు వాపస్ తీసుకోబడును." ఆ బోర్డుతోనే షాపు నిలబడింది.

వెనక్కి వచ్చిన డిస్కును ముప్పావు ధరకు అమ్మేదాన్ని. ఎన్ని చేతులు మారిందో గుర్తుండాలి కదా. అందుకని డబ్బా లోపలి అంచు మీద నా గోళ్ల రంగుతో ఒక ఎర్రచుక్క పెట్టేదాన్ని. ఒకసారి వెనక్కి వస్తే ఒక చుక్క. చుక్క పెరిగిన కొద్దీ రేటు దిగేది. కొనడానికి వచ్చినవాళ్లు బొమ్మ కూడా చూడకుండా ముందు డబ్బా తెరిచి చుక్కలు లెక్కపెట్టేవాళ్లు. డిస్కును ట్యూబులైటు కింద వంచి చూసి, గీతలుంటే ఇంకో వంద తగ్గించేదాన్ని. బీర్కూర్ వాళ్లయితే ఫోన్ చేసి "రెండు చుక్కలది ఉందా అక్కా" అని అడిగేవారు. ఉంటే న్యూస్‌పేపర్లో చుట్టి బస్సు కండక్టర్ చేతికిచ్చేదాన్ని.

నస్రుల్లాబాద్ దగ్గర తండా నుంచి రవి నాయక్ అని హార్వెస్టర్ డ్రైవర్ ఒకతను వచ్చేవాడు. కోతలు అయిపోయాక అతనికి ఆటలే పని. ఒక క్రికెట్ డిస్కు మీద తొమ్మిది చుక్కలయ్యాయి, అందులో నాలుగు అతనివే. అమ్ముతాడు, నెల కాగానే బెంగపడి మళ్లీ అదే కొంటాడు. ఆఖరిసారి బేరమాడుతూ, "అక్కా, దీంట్ల ఆడెటోళ్లందరు రిటైరయిండ్రు. ఇంక తగ్గియ్యి" అన్నాడు. తగ్గించాను. వస్తువు అరుగుతుంది, రేటు తగ్గుతుంది. అప్పట్లో నాకు తెలిసిన వ్యాపారం అంతే, అందులో నాకు ఏ అయోమయమూ లేదు.

సేఠ్ చెప్పిన మాటలు

కోఠీలో ఒక సేఠ్ దగ్గర నేను సరుకు తెచ్చేదాన్ని. వ్యాపారంలో నాకు పైవాడంటే ఆయనే. ఒకసారి వెళ్లినప్పుడు డిస్కుల బదులు ఒక కాగితం చేతిలో పెట్టాడు. దాని మీద అంకెలూ అక్షరాలూ కలిపి ఒక కోడ్ ఉంది. దాన్ని ఇంట్లో టీవీకి పెట్టిన గేమ్ మెషీన్‌లో కొడితే అందులో డబ్బు జమవుతుందట. ఆ డబ్బుతో ఆట కొంటే నెట్‌లోంచి దానంతట అదే దిగుతుందట. డబ్బా లేదు, డిస్కు లేదు.

"మరి రేటు?" అన్నాను.

"కొత్త డిస్కు నాలుగు వేలైతే, ఇది ఐదు వేలు."

నాకు తప్పు వినబడిందనుకున్నాను. డిస్కుకైతే డబ్బా, అట్ట, లారీ కిరాయి, నా షాపు కిరాయి ఉన్నాయి. దీనికి ఏముందని వెయ్యి ఎక్కువ? సేఠ్ చాయ్ తెప్పించి ఓపికగా చెప్పాడు. "చూడమ్మా, నువ్వు డిస్కు రేటు నువ్వే తగ్గిస్తవ్. పక్కోడు ఇంక తగ్గిస్తడు. దీంట్ల దుకాణం ఒక్కటే. ఆ కంపెనీ చెప్పిందే రేటు."

ఆరు నెలల తర్వాత మళ్లీ వెళితే అదే ఆట డిజిటల్‌లో పన్నెండు వందలకే ఇస్తున్నారన్నాడు. నా అల్మారాలో ఉన్న ఒక చుక్క డిస్కు కన్నా తక్కువ. ఇదేమిటంటే, "సేల్ నడుస్తుంది గదమ్మా" అన్నాడు. వారం పోయాక మళ్లీ ఐదు వేలు. ఎవరూ వాడలేదు, గీత పడలేదు, చేతులు మారలేదు. ఎందుకు తగ్గింది, ఎందుకు పెరిగింది? ఆయన చెప్పిన ప్రతి మాటా విన్నప్పుడు సబబుగానే ఉండేది. బాన్సువాడ బస్సెక్కాక ఒక్కటీ నిలిచేది కాదు.

ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను. ఆయనకు వడ్లు తప్ప ఇంకో లెక్క రాదు. "మిల్లుల బస్త బరువు తీసేసి పైసలిస్తరు. బస్తనే లేకపోతె రేటు తగ్గాలె గని పెరుగుడేంది? నిన్నెవడో మంచిగ ఆడుకుంటుండు" అన్నాడు. రవి నాయక్ కూడా అదే అడిగాడు. "డబ్బ లేదు, డిస్కు లేదు, గంత రేటేంది అక్కా?" నాకు తెలియదని చెప్పలేకపోయాను. కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని, తెలియదంటే ఎట్లా? "గది గట్లనే ఉంటది" అన్నాను. శిరీషా, ఆ మాట మాత్రం ఎప్పుడూ అనకు.

యూసుఫ్ మాస్టర్

యూసుఫ్ మాస్టర్ నా షాపుకు నాలుగు దుకాణాల అవతల దర్జీ. ఊళ్లో స్కూలు యూనిఫారాలు సగం ఆయనే కుట్టేవాడు. బీడీ లేదు, పాన్ లేదు, హోటల్లో చాయ్ కూడా తాగడు. సాయంత్రం మిషన్ ఆపగానే ఒక గంట ఆట. అదొక్కటే అతని సరదా. నెలకో ఆట కొనేవాడు, పాతది తెచ్చి సగం వాపస్ తీసుకునేవాడు. నాకు మంచి గిరాకీ, అంతకన్నా మంచి మనిషి.

ఒకసారి అతను ముచ్చటపడి కొన్న కొత్త డిస్కు బల్ల మీద బట్టల కింద ఉండిపోయింది. చూసుకోకుండా దాని మీద వేడి ఇస్త్రీ పెట్టె పెట్టాడు. డబ్బా, డిస్కు కలిసి అప్పడమైపోయాయి. దాన్ని తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. నాకు పాపమనిపించింది. పాపంతో పాటు, దాచడం ఎందుకు, కోడ్లు అమ్ముడుపోవాలని కూడా ఉంది. వాపస్ బెడద లేదు, గీతల పేచీ లేదు, సరుకు మిగిలిపోయే భయం లేదు. "భాయ్, ఇగ డిజిటల్ కొను. దాన్ని ఇస్త్రీ చెయ్యలేవు. గీతలు పడయ్, పోదు, ఎన్నేండ్లయినా కొత్తదిలెక్కనే ఉంటది" అన్నాను.

నమ్మాడు. రెండేళ్లలో పద్నాలుగు ఆటలు కొన్నాడు, సేల్ ఉన్నప్పుడు కొన్ని, లేనప్పుడు కొన్ని. ప్రతిసారీ నా దగ్గర నగదు ఇచ్చి కోడ్ తీసుకుని పోయేవాడు. ఈ రెండేళ్లలో ఒక్కటీ వాపస్ తేలేదు. ఎందుకు తేవడం లేదని నేను అడగలేదు. షాపు పైన బోర్డు అట్లాగే ఉంది. దాన్ని మార్చాలన్న ఆలోచనే రాలేదు. నా మొత్తం వ్యాపారంలో ఇంతకన్నా పెద్ద పొరపాటు లేదు.

బోర్డు కింద

తర్వాత యూసుఫ్‌కు షుగర్ కంటికెక్కింది. మొదట కాజాల దగ్గర తప్పులు దొర్లాయి. తర్వాత సూదిలో దారం ఎక్కించడానికి అతని భార్య షహనాజ్ పక్కన కూర్చునేది. నిజామాబాద్ దవాఖానలో కంట్లో సూదులు వెయ్యాలన్నారు, తొందరగా వేయించుకోకపోతే ఉన్న చూపూ పోతుందన్నారు. దర్జీకి చూపు పోతే ఇంకేముంది?

ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ నా షాపుకు వచ్చారు. షహనాజ్ చేతిలో ఒక మూట. విప్పితే గేమ్ మెషీన్. దానికి నీలం గుడ్డతో చక్కగా గలేబు కుట్టి ఉంది. యూసుఫ్ కూర్చుని, "అక్కా, దీంట్ల పద్నాలుగు ఆటలున్నయ్. అన్ని నీ దగ్గర కొన్నయే. సగం వాపస్ ఇయ్యి. ఈ కండ్లకు ఇగ ఆటలెందుకు" అన్నాడు.

"భాయ్, డిజిటల్‌కు వాపస్ లేదు" అన్నాను.

అతను కోపగించుకోలేదు. "ఎందుకు లేదు? నేను డిస్కు కన్న ఎక్కువనే ఇచ్చిన. గీతలు పడయ్, కొత్తదిలెక్క ఉంటదని నువ్వే చెప్పినవ్. తొమ్మిది చుక్కల డిస్కుకు రేటు కట్టినవ్ గద, కొత్తదానికి కట్టవా?" అని అడిగాడు. వాదిస్తున్నట్టు లేదు. నిజంగా తెలియక అడుగుతున్నాడు.

షహనాజ్ తలెత్తి బోర్డు వైపు చూసింది. నేనూ చూశాను. నాకు ఒళ్లు మండింది. వాళ్ల మీద కాదు, అయినా వాళ్ల మీదే చూపించాను. "రేపు రాండ్రి, ఇప్పుడు పనుంది" అని కసురుకున్నాను. షాపులో నా ముందు ఈగ కూడా లేదు. ఆ కసురుడు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వాళ్లు వెళ్లగానే సేఠ్‌కు ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు. "నువ్వు ఆట అమ్మలేదమ్మా. ఆడుకునే ఇజాజత్ అమ్మినవ్. పర్మిషన్. అది అతని పేరు మీద ఉంటది. అతను అమ్మలేడు, నువ్వు కొనలేవు."

"మరి అమ్మేటప్పుడు చెప్పలేదేంది?"

"నువ్వు అడగలే."

ఫోన్ పెట్టేశాను. పర్మిషన్ అమ్మినదాన్నయితే వస్తువు కన్నా వెయ్యి ఎక్కువ ఎందుకు తీసుకున్నాను? ఇచ్చింది తక్కువ, తీసుకుంది ఎక్కువ. మా ఆయన అన్నం తింటూ విని, "బోర్డు రాయించింది నువ్వే గద. ఇచ్చెయ్" అన్నాడు. అంతే, మజ్జిగ పోసుకున్నాడు. ఆయన ఎప్పుడూ ఇంతే, నేను రోజంతా కొట్టుకున్నదాన్ని రెండు మాటల్లో తేల్చేస్తాడు.

మర్నాడు ఇచ్చేశాను. పద్నాలుగింటికీ అతను ఇచ్చిన ధరలో సగం. మొదటి రెండు సూదులకు సరిపోయింది.

కొన్నాను, ఏం కొన్నానో తెలియదు

డబ్బు షహనాజ్ కొంగున కట్టుకోగానే యూసుఫ్ మెషీన్‌ను నా వైపు జరిపాడు. "ఇగ నీ ఆటలు నువ్వు తీస్కో అక్కా."

ఎట్లా తీసుకోవాలి? అవి అతని పేరు మీద ఉన్నాయి, అతని ఫోన్ నంబరుకు కట్టేసి ఉన్నాయి. మెషీన్ తీసుకుందామంటే దానికి నేను డబ్బివ్వలేదు. "అయితె తుడిచేస్త" అన్నాడు. షాపు టీవీకి తగిలించాం. అతనికి పేర్లు కనబడవు, నేను ఒక్కొక్కటే చదువుతున్నాను, అతను బటన్ నొక్కి తీసేస్తున్నాడు. మూడోదాని దగ్గర నాకు అనుమానం వచ్చింది.

"భాయ్, తుడిస్తే పోయినట్టేనా?"

అతను ఆగాడు. "లే అక్కా. మళ్ల నొక్కితె మళ్ల వస్తది."

ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. షహనాజ్ నవ్వాపుకోలేకపోయింది. నాకు అలవాటు చొప్పున గోళ్ల రంగు సీసా చేతిలోకి వచ్చింది. చుక్క పెడదామంటే డబ్బా లేదు. సీసా మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

చివరికి అతనే తేల్చాడు. "సరె. అవి నీయి. నా ఇంట్ల ఉన్నయ్ అంతే." ఒక కాగితం మీద పద్నాలుగు పేర్లు నాతో రాయించి, కింద సంతకం పెట్టాడు. చూపు ఆనక సంతకం గీత దాటి పోయింది. మెషీన్‌కు మళ్లీ గలేబు తొడిగి తీసుకుపోయారు.

ఇప్పుడు నా గుణం చెప్పాలి. ఆ తర్వాత చాలా రోజులు లోపల్లోపల కుళ్లుకున్నాను. డబ్బు నాది పోయింది, ఆటలు అతని దగ్గరే ఉన్నాయి. చూపు కాస్త రాగానే హాయిగా ఆడుకుంటాడు, ఎవరు చూడొచ్చారు? మంచితనంతో మోసపోయానని మా ఆయనతో కూడా అన్నాను. బజారులో అతను సలాం పెడితే తల మాత్రం ఊపి పోయేదాన్ని.

ఏడాది దాటింది. సూదులు పనిచేశాయి. చూపు మొత్తం రాలేదు కానీ మందపాటి అద్దాలతో మిషన్ మీద కూర్చుంటున్నాడు. మా ఆయన ప్యాంటు పొడుగు తగ్గించాలని ఒకరోజు నేనే వెళ్లాను. అతను సూదిలో దారం తనే ఎక్కించుకుంటున్నాడు. చూసి సంతోషమే వేసింది, అయినా నా నోరు ఊరుకోదు కదా. "ఏం భాయ్, ఏ ఆట నడుస్తుంది ఇప్పుడు?" అన్నాను, కొంచెం పుల్లవిరుపుగానే.

అతను అర్థం కానట్టు చూశాడు. "నేనెట్ల ఆడుత అక్కా? అవి నీయి గద."

లోపల షహనాజ్ గుండీలు కుడుతోంది. ఆమె అందుకుంది. "కండ్లు మంచిగయినంక నేనే చెప్పిన, జర సేపు ఆడుకోరాదా అని. సంతకం పెట్టిన అన్నడు. గలేబు కూడ తియ్యలే."

ప్యాంటు బల్ల మీద పెట్టి స్టూలు మీద కూర్చుండిపోయాను. ఏడాదిగా నేను తిట్టుకున్న మనిషి ఏడాదిగా మెషీన్ ముట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. షహనాజ్ మంచినీళ్లు తెచ్చింది.

రేటు

నీళ్లు తాగాక యూసుఫ్ మెల్లగా అసలు మాటకు వచ్చాడు. "అక్కా, అడుగుదామని ఎన్ని దినాల నుంచో అనుకుంటున్న. ఆ ఆటలు నాకు మళ్ల అమ్ముతవా? సెకండ్ హ్యాండ్ రేటు చెప్పు."

"ఊకెనే తీస్కో భాయ్" అన్నాను.

"ఊకెనే ఎట్ల తీస్కుంట? పైసలు తీస్కొని, వస్తువు కూడ ఊకెనే తీస్కుంటె ఖైరాత్ అయితది, ధర్మం చేసినట్టు. నేను ఖైరాత్ అడగలే."

"అయితె నేనిచ్చిందే నాకియ్యి. సగం."

"అప్పుడు నువ్వు నాకు అప్పు ఇచ్చినట్టయితది. కొన్నట్టు కాదు. నీ షాపుల ఒక చుక్కదానికి ముప్పావు గద? ముప్పావు తీస్కో."

ముప్పావు ఎట్లా తీసుకోను? సగానికి కొని ముప్పావుకు అమ్మితే మధ్యలో పావు లాభం. డిస్కు మీద ఆ పావు తిన్నాను, అది నా అల్మారాలో ఉంది, నేను తుడిచాను, దాచాను, చుక్క పెట్టాను. నా చేతికే రాని వస్తువు మీద, ఒక మనిషి ఇంట్లో గలేబు కింద ఉన్న వస్తువు మీద లాభం తింటే అది సహిస్తుందా? "ఆలోచించి చెబుతా" అన్నాను. "చెప్పేదాక ముట్ట" అన్నాడు.

ఎంత గీతలున్న డిస్కుకైనా అర నిమిషంలో రేటు కట్టినదాన్ని. దీనికి కట్టలేక నెలలు గడిచాయి. ఈలోగా షాపూ మూసేశాను. సేఠ్‌ను అడిగితే సున్నా అన్నాడు. మా ఆయన సగం అన్నాడు. రవి నాయక్ చాలాసేపు ఆలోచించి, "ఏ రేటన్నా ఒకటి చెప్పక్కా, పాపం ఆడుకోనియ్యి" అన్నాడు. అందరికన్నా అతనే సరిగ్గా చెప్పాడేమో. కానీ ఏదో ఒకటి చెబితే అది నోటికొచ్చిన రేటని యూసుఫ్‌కు తెలిసిపోతుంది. ఇరవై ఏళ్లు నా రేట్లు చూసిన మనిషి.

శిరీషా, నీకు చెప్పగలిగింది కొంచెమే. కోడ్ అమ్మేముందు, ఇది వాపస్ రాదు, మళ్లీ అమ్ముకోలేరు అని గట్టిగా చెప్పు. గిరాకీ పోతే పోనీ. బోర్డు మీద ఆ వాపస్ లైను పెయింటర్‌తో తుడిపించు, నాకు చేతులు రాలేదు. ఎవరైనా రేటు ఎందుకంతని అడిగితే, తెలియదని చెప్పు. అల్మారా కింది అరలో గోళ్ల రంగు సీసా ఉంటుంది, అది మాత్రం నాకు పంపు.

మొన్న కూరగాయలకు పోతుంటే యూసుఫ్ మాస్టర్ దుకాణంలోంచి పిలిచాడు. అతని వెనక అరలో నీలం గలేబు కనబడుతోంది.

"అక్కా, రేటు తోచిందా?"

"ఇంకా లేదు భాయ్. ఆలోచిస్తున్న."

"తొందరేం లేదు" అని, దారం కొన తడి చేసుకుని, సూదిని వెలుతురు వైపు ఎత్తి పట్టుకున్నాడు.